ఆపరేషన్‌కు ముందు ఈ మాటల పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాడు. ఏడాదిన్నర వయసులో జ్వరంతో అరగంటకు పైగా ఫిట్స్ వచ్చాయి. మళ్లీ పదకొండో ఏట మొదలయ్యాయి. ఉన్నట్టుండి చూపు నిలిచిపోతుంది, నోరు చప్పరిస్తాడు, కుడి చెయ్యి బిగుసుకుంటుంది, ఎడమ చేత్తో చొక్కా గుండీలు తడుముకుంటాడు. రెండు నిమిషాల్లో తేరుకుంటాడు కానీ ఆ తర్వాత కాసేపు మాట సరిగా రాదు. నెలకు నాలుగైదుసార్లు ఇదే వరస. కార్బమజెపిన్, లెవెటిరాసిటమ్, టోపిరమేట్ వాడుతున్నాం. ఎమ్మారైలో ఎడమవైపు ‘మీసియల్ టెంపోరల్ స్క్లీరోసిస్’ అని వచ్చింది. ఆపరేషన్‌కు పనికొస్తాడంటూనే, ముందు న్యూరోసైకాలజీ పరీక్ష రెండు పూటలు చేయాలన్నారు. వాడికి పిచ్చేమీ లేదు కదా, సైకాలజిస్టు దగ్గరికి ఎందుకు? తెలుగు మీడియం, ఇంటర్‌తో ఆపేశాడు. ఫెయిలైతే ఆపరేషన్ చేయరా? ఇంట్లో ప్రాక్టీసు చేయించాలా? మాత్రలకు మత్తుగా ఉంటాడు, ఆ పూటకు ఆపవచ్చా? ఆపరేషన్ చేయిస్తే జ్ఞాపకశక్తి పోతుందని బంధువులు భయపెడుతున్నారు, నిజమేనా?
– ఒక అక్క, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: మీరు చివర్లో భయపడుతూ అడిగిన మాటే అన్నిటికన్నా ముఖ్యమైనదమ్మా. ఆపరేషన్ తర్వాత జ్ఞాపకం ఏమవుతుందో ముందే అంచనా కట్టడానికే ఈ పరీక్ష పెడతారు. పిచ్చి గురించిన అనుమానం ఇందులో ఏమీ లేదు. మీ డాక్టరుగారు దీన్ని అడిగారంటే పని పద్ధతిగా జరుగుతోందని అర్థం. ఇది లేకుండా నేరుగా ఆపరేషన్ తేదీ ఇచ్చి ఉంటే, అప్పుడు కంగారు పడాల్సింది.

కణత లోపల, చెవి ఎత్తున, మెదడులో టెంపోరల్ లోబ్ ఉంటుంది. దాని లోపలి అంచున హిప్పోకాంపస్ అని చిటికెన వేలంత భాగం, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. ఇవాళ విన్నదీ చూసిందీ రేపటికి నిలవాలంటే వీటి గుండా పోవలసిందే. పసితనంలో జ్వరంతో చాలాసేపు ఫిట్స్ వచ్చినవాళ్లలో కొందరికి వీటిలో ఒకటి ముడుచుకుపోయి గట్టిపడి ఉంటుంది. మీ రిపోర్టులో ఉన్న పెద్ద పేరుకు అర్థం అదే. ఫిట్‌లో కుడి చెయ్యి బిగుసుకోవడం, ఎడమ చెయ్యి గుండీలు తడమడం, తేరుకున్నాక మాట తడబడటం, ఈ మూడూ కూడా ఎడమవైపునే చూపిస్తున్నాయి. ఉత్తరంలో ఎంత వివరంగా రాశారో వీడియో ఈఈజీ (ఫిట్ వచ్చే వేళ మెదడులోని విద్యుత్తునూ, మనిషి కదలికలనూ కలిపి రికార్డు చేసే పరీక్ష) చేసేవాళ్లకూ అంత వివరంగా చెప్పండి. ఫోన్లో తీసిన వీడియో ఉంటే మరీ మంచిది.

ఆపరేషన్‌లో ఆ హిప్పోకాంపస్‌నూ, చుట్టుపక్కల టెంపోరల్ భాగాన్ని కొంతనూ తీసేస్తారు. తీసేసేది పూర్తిగా చచ్చిన ముక్కే అయితే బెంగే లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఎమ్మారైలో ముడుచుకుపోయి కనిపించిన ముక్క కూడా ఇంకా ఎంతో కొంత పని చేస్తూ ఉండవచ్చు. ఎంత చేస్తోందో బొమ్మ చూసి చెప్పలేం. పని చేయించి చూస్తేనే తెలుస్తుంది. రెండో వైపున ఉన్నది ఆ బరువు మోయగలదా లేదా అన్నదీ అలాగే తేలాలి.

రెండో వైపు సంగతి ఎందుకంత పట్టించుకుంటారో వెనకటి ఒక కేసు చెబుతుంది. 1953లో అమెరికాలో విలియం స్కోవిల్ అనే సర్జన్, హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గించడానికి రెండు వైపులా ఈ భాగాలను తీసేశాడు. ఫిట్స్ తగ్గాయి, తెలివితేటలు అలాగే ఉన్నాయి. కానీ ఆ తర్వాత పరిచయమైన మనిషి గది బయటికి వెళ్లి మళ్లీ వస్తే కొత్త మనిషే. 2008లో చనిపోయేదాకా అంతే. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు అతణ్ణి పరీక్షించి 1957లో ఆ సంగతి బయటపెట్టాక, రెండు వైపులా తీయడం మానేశారు. ఒక వైపు తీసేముందు కూడా రెండో వైపు పనిని చూడటం అలవాటైంది. మీ తమ్ముడికి తీసేది ఒక వైపే కాబట్టి ఆ పరిస్థితి వస్తుందని భయపడకండి. కుడివైపు బాగుందని రూఢి చేసుకునే పనిలో ఈ పరీక్ష ఒక భాగం.

ఇక ఫెయిలవడం గురించి. ఇక్కడ లెక్క బడి పరీక్షకు తలకిందులుగా ఉంటుంది, జాగ్రత్తగా చదవండి. చాలామందికి భాష ఎడమ మెదడులో ఉంటుంది. కాబట్టి విన్న మాటలను గుర్తుంచుకునే పని ఎక్కువగా ఎడమ హిప్పోకాంపస్‌ది. మీ తమ్ముడు మాటల జ్ఞాపకంలో తక్కువ చేసి, మిగతావాటిలో బాగా చేశాడనుకోండి. ఎడమవైపు ముక్క ఎప్పుడో పని మానేసిందన్న మాట. ఎమ్మారై, ఈఈజీ, పరీక్ష మూడూ ఒకే చోటును చూపించాయి, తీసేస్తే పోయేదీ తక్కువే. అదే మాటల జ్ఞాపకంలో చక్కగా చేశాడనుకోండి, ఆ ముక్క ఇంకా పని చేస్తోందన్న మాట. అప్పుడు పోగొట్టుకోవడానికి అతని దగ్గర ఎక్కువ ఉంది. డాక్టర్లు ఆగి మళ్లీ ఆలోచించేది ఈ రెండో సందర్భంలో.

ఇందుకే ప్రాక్టీసు వద్దంటున్నాను. యూట్యూబ్‌లో ‘మెమరీ టెస్ట్’ అని వెతికి నాలుగుసార్లు చేయించారంటే, చచ్చిన ముక్క బతికి ఉన్నట్టు కనిపిస్తుంది, లేదా రేపు ఆపరేషన్ తర్వాత నిజంగా ఎంత తగ్గిందో తెలియకుండా పోతుంది. జాలి పుట్టించాలని కావాలని తక్కువ చేయడమూ అంతే చేటు. అలా చేస్తే పట్టుకునే ప్రశ్నలు లోపలే ఉంటాయి.

బంధువుల మాట గాలిమాటేమీ కాదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2011లో వెలువడింది. దాని ప్రకారం ఎడమ టెంపోరల్ ఆపరేషన్ అయినవాళ్లలో 100కు 44 మందికి మాటల జ్ఞాపకం పరీక్షలో కొలవగలిగినంత తగ్గింది. కుడివైపు అయినవాళ్లలో 20 మందికి. ఎడమవైపువాళ్లలో 34 మందికి వస్తువుల పేర్లు చెప్పడంలో వెనకబాటు కనిపించింది. అయితే ఆ 44లో మీ తమ్ముడు ఉంటాడా అన్నది కొన్నిటి మీద ఆధారపడుతుంది. ఫిట్స్ చిన్నతనంలోనే మొదలై, ఎమ్మారైలో మచ్చ స్పష్టంగా ఉండి, ముందే స్కోరు తక్కువగా ఉన్నవాళ్లకు నష్టం తక్కువ. పెద్దయ్యాక మొదలై, ఎమ్మారై శుభ్రంగా ఉండి, స్కోరు ఎక్కువగా ఉన్నవాళ్లకు నష్టం ఎక్కువ. మొదటి రెండూ మీ తమ్ముడి వైపున్నాయి. మూడోది పరీక్షే చెప్పాలి.

తక్కెడలో రెండో తట్టా చూడాలి. కెనడాలో 80 మంది టెంపోరల్ మూర్ఛ రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా చేసి, సగం మందిని ఆపరేషన్‌కూ సగం మందిని మాత్రలకూ కేటాయించారు. 2001లో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు ఆపరేషన్ జట్టులో నూటికి 58, మాత్రల జట్టులో 8. రెండు మందులు సరైన మోతాదులో వాడినా లొంగని మూర్ఛ మూడో మందుకో నాలుగో మందుకో లొంగే ఆశ తక్కువ. పైగా నెలకు నాలుగైదు ఫిట్స్ ఏళ్ల తరబడి వస్తూ ఉంటే జ్ఞాపకం ఎలాగూ అరుగుతుంది. ఆపరేషన్ మానుకుంటే జ్ఞాపకం భద్రం అనుకోకండి.

పరీక్ష గదిలో ఏం జరుగుతుందో కొంత చెబుతాను. కొంతే, ఎందుకంటే మొత్తం చెబితే మీరు తమ్ముడికి చెబుతారు, పరీక్ష చెడుతుంది.

మొత్తం నాలుగు నుంచి ఆరు గంటలు. ఒకే రోజు చేస్తే నడుమ విరామాలుంటాయి, అలసిపోయేవాళ్లకు రెండు పూటలుగా పంచుతారు. ముందు ముప్పావు గంట మాటామంతీ: పుట్టుక, చదువు, ఫిట్స్, పని, నిద్ర. తర్వాత అంకెలు విని తిరిగి చెప్పడం, ముందు నుంచీ వెనక నుంచీ. రంగు చెక్కలతో చూపించిన నమూనా పేర్చడం. కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెలను వరసగా గీతతో కలపడం, ఒక నిమిషంలో జంతువుల పేర్లు ఎన్ని చెప్పగలడో చూడటం, బొమ్మ చూసి పేరు చెప్పడం, చిక్కుగా ఉన్న ఒక బొమ్మను చూసి గీయడం. చిల్లుల పలకలో చిన్న మేకులు గుచ్చే పని కూడా ఉండవచ్చు. అది ఏ చెయ్యి నెమ్మదించిందో చూడటానికి.

అన్నిటిలోకీ మీ తమ్ముడి విషయంలో కీలకమైనది పదిహేను మాటల జాబితా. సైకాలజిస్టు సెకనుకో మాట చొప్పున పదిహేను మాటలు చదువుతారు. గుర్తున్నవి ఏ వరసలోనైనా చెప్పాలి. అదే జాబితా మళ్లీ చదువుతారు, మళ్లీ చెప్పాలి. అలా ఐదుసార్లు. మామూలు మనిషికి, ఉదాహరణకు, 6, 9, 11, 12, 13 అని మెట్లెక్కినట్టు పెరుగుతుంది. ఆ వెంటనే వేరే పదిహేను మాటలు ఒకసారి చదివి అడుగుతారు. అది దారి మళ్లించడానికి. మళ్లీ మొదటి జాబితా, ఈసారి చదవకుండా. అరగంట వేరే పనులు చేయించాక మరోసారి. చివరికి ఒక పెద్ద జాబితా చదువుతూ, ఇందులో మొదట విన్నవి ఏవి అని అడుగుతారు.

స్కోరు కన్నా అందులోని ఆకారం ఎక్కువ చెబుతుంది. ఐదోసారికి 12 చెప్పి, అరగంట తర్వాత 4 మాత్రమే చెప్పి, గుర్తుపట్టమన్నప్పుడు కూడా వినని మాటలకు ‘విన్నాను’ అంటే, లోపలికి వెళ్లింది నిలవలేదన్న మాట. ఎడమ హిప్పోకాంపస్ దెబ్బతిన్నవాళ్లలో తరచూ కనిపించే ఆకారం ఇది. అదే అరగంట తర్వాత 4 చెప్పినా, గుర్తుపట్టడంలో 14 వస్తే, సరుకు గోడౌన్‌లోనే ఉంది, బయటికి తీయడమే కష్టమవుతోంది. మందుల మత్తు, దిగులు, మెదడు ముందు భాగపు ఇబ్బంది ఉన్నప్పుడు ఇలా కనిపిస్తుంది. మొదటి నుంచీ 4, 5, 4, 5, 5 అని కదలకుండా ఉంటే ముందు అనుమానించేది జ్ఞాపకాన్ని కాదు, ధ్యాసనూ నిద్రనూ. ఒక్క ‘మెమరీ పూర్’ అన్న మాటలో ఇవన్నీ కలిసిపోతాయి కాబట్టే రెండు నిమిషాల పరీక్షతో సరిపెట్టరు.

ఇలాగే ఇంట్లో మీరు ‘మతిమరుపు’ అనేది కూడా మూడు రకాలు. మాటామంతీలో వేరుచేసి చెప్పండి. పొద్దున రైతు చెప్పిన బస్తాల లెక్క మధ్యాహ్నానికి చీటీ చూస్తే తప్ప రాకపోవడం ఒకటి. తెలిసిన రైతు ముఖం గుర్తుండి పేరు రాకపోవడం ఇంకొకటి. త్రాసు, గోనె, దబ్బనం లాంటి రోజూ వాడే వస్తువు పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం మూడోది. మీకు ఇంట్లో కనిపించేది వేరు, కొట్టులో కనిపించేది వేరు. వీలైతే కొట్టు యజమాని ఏమంటున్నారో కనుక్కుని రెండు ముక్కలు రాసుకుని వెళ్లండి.

తెలుగు మీడియం సంగతి. స్కోరును అదే వయసు, అంతే చదువు ఉన్నవాళ్లతో పోలుస్తారు, ఎంబీయే చదివినవాళ్లతో కాదు. బెంగళూరు నిమ్హాన్స్ (మెదడు, మానసిక వైద్యాల జాతీయ సంస్థ) వాళ్లు తయారుచేసిన పరీక్షల సంపుటిలో చదువురాని వాళ్లకు కూడా విడిగా కొలమానాలున్నాయి. కాబట్టి ఇంటర్‌తో ఆపాడని చిన్నబుచ్చుకోవద్దు. అసలు జాగ్రత్త పడాల్సింది భాష దగ్గర. పరీక్ష అతను ఇంట్లో మాట్లాడే తెలుగులో, తెలుగు వచ్చిన మనిషి చేయాలి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థకో, బెంగళూరు నిమ్హాన్స్‌కో వెళ్తున్నట్టయితే తేదీ ఖాయం చేసుకునేటప్పుడే ‘తెలుగులో పరీక్ష చేసేవాళ్లు ఉన్నారా, ఏ రోజు ఉంటారు’ అని అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ చిక్కు లేదు. దుబాసీగా మీరు కూర్చుంటానని మాత్రం అనకండి. అక్క ఎంత నిజాయితీగా ఉన్నా పరీక్షలో విని తిరిగి చెప్పాల్సిన కథను కాస్త కుదిస్తుంది, తమ్ముడు చెప్పలేకపోతే కనుసైగ చేస్తుంది, అతను సగం చెప్పింది తాను పూర్తి చేసి చెబుతుంది. మాట మాటా లెక్కపెట్టే పరీక్షకు అది చాలు, కొలత పోతుంది.

మన దగ్గర భాషతో వచ్చే చిక్కులు ఇంకా ఉన్నాయి. అంకెలే తీసుకోండి. మన తెలుగు అంకెలన్నీ కనీసం రెండక్షరాలు. ఒకటి, ఐదు, తొమ్మిది అనడానికి పట్టే సమయంలో ఇంగ్లిష్ అంకెలు ఇంకొకటి ఎక్కువ పడతాయి, అందుకే ఇంగ్లిష్‌లో చెబితే గుర్తుండేవీ ఎక్కువ. మనలో చాలామంది ఫోన్ నంబరు ‘నైన్ ఎయిట్ ఫోర్ డబుల్ టూ’ అనే చెప్పుకుంటాం. మీ తమ్ముడు కొట్టులో లాట్ నంబర్లు ఏ భాషలో అనుకుంటాడో ముందే చెప్పండి, పరీక్ష చేసేవారు ఆ భాషే వాడి, రిపోర్టులో రాస్తారు. ఆపరేషన్ తర్వాత మళ్లీ చేసినప్పుడూ అదే భాష వాడాలి. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమన్నప్పుడు, ‘క’ అంటే క ఒక్కటేనా, కా, కి, కు కూడా చెల్లుతాయా అన్న సందేహం మనవాళ్లందరికీ వస్తుంది. అడిగితే తప్పులేదు. గడియారం నొక్కకముందే అడగమనండి. బొమ్మల పేర్ల పరీక్ష అమెరికాలో తయారైంది వాడితే మంచు ఇల్లు, బీవర్ అనే నీటి జంతువు, ప్రెట్జెల్ అనే ముడి వేసిన బ్రెడ్డు లాంటివి వస్తాయి. గుంటూరులో వాటిని చూసినవాళ్లు ఎందరు? అలాంటి బొమ్మకు పేరు రాకపోవడం జబ్బు లక్షణం కాదు, మంచి సైకాలజిస్టు దాన్ని పక్కన పెడతారు. మీ తమ్ముడు ‘దీన్ని నేనెప్పుడూ చూడలేదు’ అని పైకి అనాలి. ఊరుకుంటే తెలిసీ పేరు రాలేదని లెక్కేస్తారు.

ఇంకొకటి, పెద్దవాళ్లను అడిగి కనుక్కోవాల్సిన సంగతి. చిన్నప్పుడు మీ తమ్ముడు ఎడమచేతి వాటమా? మన ఇళ్లలో ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే వీపు మీద ఒకటి పడుతుంది, పలక మీద ఎడమ చేత్తో రాస్తే బడిలో మార్పిస్తారు. పెద్దయ్యాక తనకే గుర్తుండదు, ‘కుడిచేతి వాటం’ అని రాయించేస్తాడు. కుడిచేతి వాటం వాళ్లలో 100కు 96 మందికి భాష ఎడమ మెదడులో ఉంటే, ఎడమచేతి వాటం వాళ్లలో దాదాపు 70 మందికే. మిగతావాళ్లకు కుడివైపో, రెండు వైపులానో. పసితనంలోనే ఎడమ మెదడుకు దెబ్బ తగిలినవాళ్లలో భాష చోటు మారడం మరింత ఎక్కువ. భాష ఏ వైపుందో తెలియకపోతే పై లెక్కలన్నీ తారుమారవుతాయి. అనుమానముంటే ఫంక్షనల్ ఎమ్మారై చేస్తారు: మిషన్‌లో పడుకుని మనసులో మాటలు తలుచుకోవాలి, ఆ వేళ ఏ భాగం వెలుగుతుందో చూస్తారు. తప్పనిసరైతే వాడా పరీక్ష ఉంది. జపాన్ డాక్టరు జున్ వాడా 1949లో మొదలుపెట్టింది. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నటి గొట్టం పంపి, మెదడులో ఒక సగాన్ని కొన్ని నిమిషాలు మందుతో నిద్రపుచ్చి, మిగతా సగం మాట్లాడగలదా, గుర్తుంచుకోగలదా అని చూస్తారు. ఇప్పుడు దీని అవసరం బాగా తగ్గింది, అందరికీ చేయరు.

మాత్రలు. ఆ పూటకు ఆపవద్దు, ఒక్క డోసు కూడా. ఆపితే పరీక్ష నడుమ ఫిట్ రావచ్చు. ఆపకపోయినా రావచ్చు, అది వేరే మాట. మత్తు గురించి అడిగారు. మూడింటిలో టోపిరమేట్ మాటల వేగాన్ని, ధ్యాసను బాగా తగ్గిస్తుంది. నిమిషంలో పద్దెనిమిది జంతువులు చెప్పేవాడు తొమ్మిదితో ఆగిపోవచ్చు. లెవెటిరాసిటమ్‌తో కొందరికి చిరాకు, కోపం, దిగులు. ఇవి పరీక్ష చేసేవారికి తెలియాలి, లేకపోతే మందు చేసిన పనిని మెదడు మీదికి నెడతారు. ప్రతి మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి వేసుకున్నాడు, ఈ మధ్య ఏది పెంచారు అన్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మోతాదు మార్చాలా అన్నది న్యూరాలజిస్టుతో నెల ముందే మాట్లాడాల్సిన విషయం, ముందు రోజు రాత్రి ఇంట్లో తేల్చేది కాదు.

తేదీ విషయంలో మనవాళ్లు మాటిమాటికీ చేసే పొరపాటు ఒకటుంది. దూరం నుంచి వస్తాం కదా, అన్నీ ఒకేసారి అయిపోవాలని వీడియో ఈఈజీకి చేర్పించినప్పుడే ఈ పరీక్ష కూడా పెట్టించుకుంటారు. వీడియో ఈఈజీలో ఫిట్ రావాలని మాత్రలు కావాలనే తగ్గిస్తారు. రెండు మూడు ఫిట్స్ వచ్చాక, డిశ్చార్జి రోజు పొద్దున, తల బరువెక్కి ఉన్న మనిషిని పదిహేను మాటలు గుర్తుంచుకోమంటే ఏం వస్తుంది? చేర్చుకున్న రోజే, మాత్రలు తగ్గించకముందు పరీక్ష పెట్టమని అడగండి. కుదరకపోతే ఆఖరి ఫిట్ తర్వాత కనీసం ఒక రోజు గడవాలి. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్ వస్తే ఇంకా ఎక్కువ రోజులు ఆగాలి. పరీక్షకు ముందు రాత్రి ఫిట్ వచ్చిందా, పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి. వాయిదా పడితే నష్టం లేదు.

ప్రయాణం కూడా ఇందులో భాగమే. గుంటూరులో రాత్రి పది గంటల బస్సెక్కి, తెల్లవారి హైదరాబాద్‌లో దిగి, తొమ్మిదికి పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టవద్దు. నిద్ర లేకపోతే ఫిట్‌కూ ఊతం, స్కోరుకూ దెబ్బ. ముందు రోజు పగలు వెళ్లి, రాత్రి నిద్రపోనివ్వండి. పొద్దున రోజూ తినే టిఫిన్, రోజూ తాగే కాఫీ. కళ్లజోడు ఉంటే మరవవద్దు. కాగితాల్లో పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు కూడా పెట్టుకోండి. ఫిట్స్ ముదరకముందు అతను ఎక్కడున్నాడో అవి చెబుతాయి.

మూడ్ గురించిన ప్రశ్నాపత్రాలు కూడా ఇస్తారు. దిగులు, నిద్ర, చావు గురించిన ఆలోచనలు అన్నీ అడుగుతారు. టెంపోరల్ మూర్ఛలో డిప్రెషన్ చాలా మామూలు. ఆపరేషన్ తర్వాత మొదటి ఏడాదిలో, ఫిట్స్ ఆగినవాళ్లలో సైతం, కొత్తగా రావచ్చు. ముందే తెలిస్తే ముందే వైద్యం మొదలుపెడతారు. ఆ భాగంలో మీరు బయట వరండాలో కూర్చోండి. ఇరవయ్యేడేళ్ల మగపిల్లాడు అక్క ముందు ‘బతకాలని లేదు’ అని చెప్పడు.

ఎవరు చేస్తారన్నది చూసుకోండి. క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ లాంటి పై చదువు చదివి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన మనిషై ఉండాలి. రిపోర్టు కింద ఆ నంబరు ఉంటుంది. ‘మూర్ఛ ఆపరేషన్ ముందు పరీక్షలు చేస్తుంటారా’ అని మొహమాటం లేకుండా అడగండి. విజయవాడలోనో గుంటూరులోనో చేయిస్తే దగ్గరే, సుఖమే. కానీ ఆపరేషన్ చేసే ఆస్పత్రి ఆ రిపోర్టును ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి. ఒప్పుకోకపోతే నెల తిరక్కుండానే అదే పరీక్ష రెండోసారి చేయించాల్సి వస్తుంది, మొదటిసారి విన్న మాటలు గుర్తుండి స్కోరు ఉబ్బుతుంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి వీడియో ఈఈజీ, ఈ పరీక్ష, ఆపరేషన్ మూడింటినీ విడివిడిగా అడగండి. ‘అన్నీ వస్తాయి’ అన్న మాటతో తిరిగి రావద్దు.

రిపోర్టులో ‘12వ పర్సంటైల్’ అని కనిపిస్తే నూటికి పన్నెండు మార్కులని గుండె జారనివ్వకండి. అలాంటి వయసు, చదువు ఉన్న వందమందిని వరసలో నిలబెడితే కింది నుంచి పన్నెండో చోట ఉన్నాడని అర్థం. నిమ్హాన్స్ పద్ధతిలో 15 కన్నా కింద ఉంటే లోటు అంటారు. ఒక్కటి కింద ఉంటే పెద్ద పట్టింపు లేదు, ఒకే రకం పనులు మూడు నాలుగు కింద ఉంటేనే అది మాట్లాడుతుంది. ఎడమవైపు మచ్చ ఉండి, మాటల జ్ఞాపకం బాగుండి, బొమ్మల జ్ఞాపకం (ఇది ఎక్కువగా కుడివైపు పని) పడిపోతే కథ అడ్డం తిరిగినట్టు. బొమ్మల పరీక్షలు కుడివైపును అంత నిక్కచ్చిగా పట్టివ్వవు, అందుకని ఆ ఒక్కదాన్ని బట్టి ఆపరేషన్ ఆపరు కానీ, ఇంకో ఈఈజీయో, మెదడులో ఏ భాగం మందగించిందో చూపే పెట్ స్కానో అడుగుతారు. రెండు రకాల జ్ఞాపకమూ బాగా పడిపోయి ఉంటే మరింత నిదానిస్తారు. నిర్ణయం సైకాలజిస్టు ఒక్కరిదీ కాదు, న్యూరాలజిస్టు, సర్జన్, స్కాన్ చదివే డాక్టరు, సైకాలజిస్టు కలిసి కూర్చుని మాట్లాడతారు. ఆ తర్వాత మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: ‘ఫిట్స్ ఆగే అవకాశం ఎంత, మాటల జ్ఞాపకం తగ్గే అవకాశం ఎంత, తగ్గితే ఇతను చేసే పనిలో అది ఎక్కడ కనబడుతుంది?’ ఈ మూడో ముక్క చాలామంది అడగరు. పొలం పనివాడికీ, నోటి లెక్క మీద బతికే గుమాస్తాకూ జవాబు ఒకటే కాదు.

జవాబు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. నోటి మాట మీద నడిచే పనిని కాగితం మీదికి మార్చే అలవాటు ఆపరేషన్‌కు ముందే చేయించండి. రైతు పేరు, ఊరు, లాట్ నంబరు, రకం తేజానా 334నా, బస్తాలు ఎన్ని అన్నది విన్న మరుక్షణం ఒకే పుస్తకంలో, ఒకే వరసలో. మాత్రలకు ఫోన్ అలారం. జ్ఞాపకం బాగున్నప్పుడు పడిన అలవాటు తర్వాత కూడా నిలుస్తుంది. తగ్గాక కొత్తగా నేర్పడం కష్టం. యజమానితో కూడా ఇప్పుడే మాట్లాడండి. ఆపరేషన్ తర్వాత పనిలోకి రావడానికి ఒకటి నుంచి మూడు నెలలు పట్టవచ్చు. కాబట్టి కొత్త పంట దిగి యార్డు కిక్కిరిసే రోజులు తప్పించి తేదీ పెట్టుకుంటే కొట్టుకూ మీకూ మంచిది.

ఆపరేషన్ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఇవే పరీక్షలు, వేరే మాటల జాబితాతో, మళ్లీ చేస్తారు. మొదటి రిపోర్టు అసలు కాగితం మీ దగ్గర ఉంచుకోండి. ఆస్పత్రి మారితే అదే ఆధారం. అప్పుడు కూడా మాత్రల చీటీ పట్టుకెళ్లండి. నడుమ టోపిరమేట్ తగ్గించి ఉంటే మాటల స్కోరు దానంతటదే కొంత పెరుగుతుంది. ఆ పెరిగింది ఆపరేషన్ ఖాతాలో జమ కాకూడదు.